జన్మస్థలం: మూడో బోగీ

కాగితం తెచ్చింది ఆ పిల్ల.
పిల్ల కాదులే, ముప్ఫై దాటిన మనిషి.
మడతల దగ్గర చిరిగి
టేపు అతికించిన కాగితం.
"ఈ చేతిరాత నీదేనా, కాందే తాతా?"

నాదే.
జన్మస్థలం అన్న చోట
నీలి సిరాతో నేనే రాశాను:
మూడో బోగీ.

పాస్‌పోర్టు ఆఫీసులో నవ్వారట.
అలాంటి ఊరు మా పుస్తకంలో లేదమ్మా అన్నారట.

ఉండేది.
డకార్ సముద్రం దగ్గర తల,
బమాకోలో నైజర్ ఒడ్డున కాళ్ళు,
పన్నెండు వందల కిలోమీటర్ల పొడుగునా
ఎండుచేపల కంపుతో, మూడో వాయి టీ తీపితో
వారానికి రెండుసార్లు
లేచి నడిచిపోయే ఊరు.

డీజిల్ ఇంజన్ వచ్చిన ఏడు
టంబకుండా స్టేషన్లో నేను నీళ్ళ కుర్రాణ్ణి.
ఆవిరి ఇంజన్‌కి దాహమెక్కువ,
దీనికి నీళ్ళ గొడవే తక్కువ.
నా కూడు పోయిందని అమ్మ ఏడ్చింది.
స్టేషన్ మాస్టరు నా చేతిలో సుద్దముక్క పెట్టాడు:
బండి ఎంత ఆలస్యమో
నల్లబోర్డు మీద రాస్తూ ఉండు.

మొదట్లో నిమిషాలు రాసేవాణ్ణి.
చాలా ఏళ్ళు గంటలు రాశాను.
నేను టికెట్ కలెక్టరునై బండెక్కాక
నా తర్వాతి కుర్రాడు
గంటలు లెక్కపెట్టలేక
వారం పేరు రాయడం మొదలుపెట్టాడు.

అయినా ఎక్కేవాళ్ళు.
కిటికీకి అద్దం లేకపోతే గోనెపట్టా కట్టేవాళ్ళు.
కాయెస్ ఎండ బోగీలోకి దిగితే
రేకు పెనం మీద అట్టుముక్కలం మేమంతా.
ఫూనే కెయితా ఒక్కతే
పదహారు బస్తాల ఉల్లిపాయలు ఎక్కించి
నాలుగింటికే డబ్బిచ్చేది.
మిగతావి నా చుట్టాలవి అనేది.
చుట్టాల్ని దింపమంటావా, కాందే?

ఆమే కొంగు తెరపట్టింది ఆ రోజు.
శనివారం కదలాల్సిన బండి
ఆదివారం కదిలి,
సోమవారం వేకువన
ఫలేమే వంతెన నడుమ దగ్గి దగ్గి ఆగింది.
డ్రైవర్ ఫామొరి మోచేతుల దాకా నూనెలో ఉన్నాడు.
ఇంజన్ మూగబోయిన ఆ నిశ్శబ్దంలో
మూడో బోగీ నుంచి ఏడుపు.

ఇటు గట్టు నుంచి సెనెగల్ సార్జెంటు వచ్చాడు,
అటు గట్టు నుంచి మాలీ గుమస్తా.
తల మా వైపు వచ్చింది అన్నాడు ఒకడు.
బొడ్డు కోసింది మా వైపు అన్నాడు ఇంకొకడు.
కింద నది
ఎవరి ముద్రా లేకుండా పోతోంది.
తల్లికేమో దాహం.
నా నీళ్ళసీసా ఆమెకిచ్చి
కాగితం అందుకుని రాసేశాను.
ఇద్దరూ ముద్ర వేశారు,
పక్కపక్కన కాదు, ఒకదాని మీద ఒకటి.

తెనిన్ అంటే సోమవారం.
బండి వేళకి నడిచి ఉంటే
ఈ పిల్ల పేరు వేరే.

బండి ఎప్పుడు ఆగిపోయిందని అడుగుతారు.
నాకు తెలీదు.
ఆగిందని ఎవరూ చెప్పలేదు.
ఒక బుధవారం రాలేదు.
శనివారం వస్తుందన్నారు.
ఫూనే బస్తాలతో ఫ్లాట్‌ఫారం మీదే
తొమ్మిది రోజులు పడుకుంది.
ఉల్లిపాయలు మొలకలెత్తాయి.

తెనిన్‌కి గ్వాంగ్‌జౌ వెళ్ళాలని ఉంది,
గుడ్డల బేళ్ళు కొనుక్కురావాలట.
పుట్టిన చోటు ఫోటో తీసుకెళ్తే
ఆఫీసువాళ్ళు నమ్ముతారేమోనని
నన్ను తియెస్ యార్డుకు తీసుకెళ్ళింది.

చక్రాలకు గడ్డి. మెట్టు మీద మేక,
దిగమంటే దిగదు.
తుప్పు గీకితే మూడు అంకె
సగం వరకు బయటపడింది.
కాపలావాడు కేకేశాడు:
ఎవరమ్మా, ఏం కావాలి?
ఈ ఊరిదాన్నే, అంది తెనిన్.

లోపలికెళ్ళి ఒక మూల నిలబడి
ఫోను పైకెత్తింది.
ఇక్కడేనా తాతా?

కాదమ్మా, ఇంకొంచెం అవతలికి,
కిటికీ దగ్గరికి.
అక్కడ
ఉల్లిపాయలుండేవి.